భర్మార్ బందూక్

మా దాదా బందూక్‌ను ఇంట్లో భర్మార్ అనేవాళ్లం. వాకిలి దాటితే అదే నాటు తుపాకి. మా అబ్బా మొదటిసారి దుప్పిని కొట్టింది దాంతోనే, 1968లో, అమ్రాబాద్ అడవిలో. అప్పుడాయనకు పద్దెనిమిదేళ్లు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఇంకా రాలేదు. వచ్చాక దాదా మళ్లీ వేటకు పోలేదు.

ఆ కథ అబ్బా నోట వందసార్లు విన్నాను. వేటకన్నా బందూక్ నింపడం గురించే ఎక్కువసేపు చెప్పేవాడు. గొట్టం మూతిలోంచి నల్లమందు పోయాలి. గుడ్డపీలిక పెట్టి చువ్వతో దట్టించాలి. ఆపైన సీసపు గుండు, అది జారకుండా మళ్లీ పీలిక. చివరికి ఘోడా కింద టోపీ. మందు చెమ్మగిల్లిందంటే అంతే సంగతులు. ఉన్నది ఒక్కటే దెబ్బ. తప్పితే మళ్లీ నింపేలోపల దుప్పి కొండ దాటిపోతుంది.

జాడ పట్టి నడిపించింది ఒక చెంచు పెద్దాయన. తెల్లారగట్ల నీళ్ల గుంట దగ్గర దుప్పి తలెత్తింది. అబ్బా కొట్టాడు. తెల్లటి పొగ కమ్మేసి ఏమీ కనబడలేదట. ఆ పొగలోంచే దాదా కత్తి పట్టుకుని ఉరికాడు. చేరేసరికే దాని ప్రాణం పోయింది.

మేం పాటించే హనఫీ పద్ధతిలో గుండు దెబ్బకే చచ్చింది హలాల్ కాదు. బాణం మొన కోస్తుంది, గుండు కొట్టి చంపుతుంది. కొసప్రాణం ఉండగానే బిస్మిల్లా అని కోయాలి. "మనది కాదు బేటా" అన్నాడు దాదా. మొత్తం చెంచు పెద్దాయనకే ఇచ్చేశాడు. "ఒక్క తొడన్న తీస్కపో సాయిబూ, పిలగాడు మొదటిసారి కొట్టిండు" అని ఆయన బతిమాలాడట. ఆ రాత్రి ఇంట్లో ఖట్టీ దాలే.

మా పత్రికాఫీసులో ఒకాయన, వాళ్ల తాత చచ్చిన పులి మీద కాలుపెట్టి దిగిన ఫొటో తెచ్చాడు. ఎంత ఠీవి అన్నారందరూ. నేనూ అన్నాను. ఆ ఊపులో మా భర్మార్ సంగతి ఎత్తాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "మీ ఇంట్లో తుపాకులుండేవా?" అని ఒకరు నవ్వుతూనే అడిగారు. లైసెన్సుందనీ, దాదా పోగానే స్టేషన్లో అప్పగించామనీ, రసీదు కూడా ఉందనీ గబగబా చెప్పుకొచ్చాను. ఇవేవీ వాళ్లు అడగలేదు. పులి తాత లైసెన్సు సంగతీ ఎవరూ అడగలేదు. నేను చెప్పాలనుకున్నది ఖట్టీ దాల్ గురించి. అక్కడిదాకా పోనేలేదు.

మొన్న మావాడు బడికోసం 'మా తాత' అని వ్యాసం రాశాడు. 'మా దాదా తుపాకితో దుప్పిని కొట్టాడు' అన్నది మొదటి వాక్యం. పెన్ను తీసుకుని కొట్టేశాను. 'మా దాదాకు అడవి అంటే ఇష్టం' అని రాయించాను.

"ఎందుకబ్బా, దాదా చెప్పింది అబద్ధమా?" అన్నాడు.

"కాదు బేటా" అన్నాను. వాడు నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకున్నాడు.