ఉడుము నెత్తురు, యాంటీబయాటిక్

మర్రిపాడు, ఉదయగిరి వైపు కొండల్లో తిరిగే ఉడుముకు ఇండోనేషియాలోని కొమోడో డ్రాగన్ దగ్గరి చుట్టం. రెండూ వరానస్ ప్రజాతివే. కొమోడో నెత్తుటి ప్లాస్మాలోని ఒక పెప్టైడ్‌ను (చిన్న ప్రోటీన్ ముక్కను) నమూనాగా తీసుకుని అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు డీఆర్‌జీఎన్-1 అనే పెప్టైడ్‌ను తయారుచేశారు. సూడోమోనాస్, స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా సోకిన ఎలుకల పుండ్లు దానితో త్వరగా మానాయని 2017లో ప్రకటించారు.

ఇలాంటి పెప్టైడ్లకు ధనావేశం ఉంటుంది. రుణావేశమున్న బ్యాక్టీరియా పైపొరకు అతుక్కుని చిల్లులు పొడుస్తాయి. మామూలుగా లోపలికి పోలేని యాంటీబయాటిక్ కూడా ఆ చిల్లుల గుండా చొరబడగలదు. అందుకే రెంటినీ కలిపి వాడితే తక్కువ మోతాదే సరిపోవచ్చన్నది ఆశ.

డీఆర్‌జీఎన్-1 ఇంకా మందుల షాపుకు చేరిన సరుకు కాదు. ఉడుము నెత్తురు తాగితే ఆ ఫలితం రాదు: పెప్టైడ్లు కడుపులోనే అరిగిపోతాయి. పైగా వన్యప్రాణి చట్టం కింద ఉడుము షెడ్యూల్-1 జీవి, వేటాడితే జైలే.