కాఫీకి ముందు గంట

మొన్న ఆదివారం మా ఇంట్లో క్యాబేజీ పెసరపప్పు కూర చేశాను. రెండేళ్ల తర్వాత!

నాకు థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తెలిసిన రోజే మా పెద్ద తోడికోడలు ఫోన్ చేసి, "క్యాబేజీ, కాలీఫ్లవర్ జోలికి పోకు" అంది. అంతే, మానేశాను. ఆ కూరంటే ప్రాణం పెట్టే మా వారు కూడా, పాపం, నాతోపాటే మానేశారు.

ఇంత చేసినా పోయిన నెల పరీక్షలో టీఎస్‌హెచ్ మళ్లీ పెరిగింది. మధ్యాహ్నానికే నిద్ర ముంచుకొచ్చేది. దువ్వెన నిండా జుట్టు. "ఇంట్లోనే ఉంటావుగా, అంత అలసటేమిటి?" అని చుట్టాలెవరో అంటే, నిజమే, నాది బద్ధకమేనేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను.

డాక్టరమ్మ డోసు పెంచే ముందు ఒక్క ప్రశ్న అడిగారు. "పొద్దున మాత్ర ఎలా వేసుకుంటున్నారు?"

"లేవగానే కాఫీతో అండీ. మర్చిపోకుండా కాల్షియం మాత్ర కూడా అప్పుడే."

ఆవిడ రాయడం ఆపేశారు.

కాఫీ, పాలు, కాల్షియం, ఐరన్ మాత్రలు థైరాయిడ్ మందును సరిగ్గా ఒంటబట్టనివ్వవట. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఇంకేమీ తీసుకోకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే 4 గంటల ఎడం ఉండాలి.

"మరి క్యాబేజీ?" అన్నాను. ఉడికించి, అందరూ తినేంత తింటే భయం లేదన్నారు. పచ్చిది రోజూ బోలెడంత తింటేనే ఆలోచించాలట. వంటకి అయోడైజ్డ్ ఉప్పు చాలు, సొంతంగా అయోడిన్ మాత్రలు కొనొద్దన్నారు. ఏం తిన్నా, ఏం మానేసినా, మందు మాత్రం ఆపకూడదని మరీ మరీ చెప్పారు.

రెండేళ్లు కూర మీద నింద వేశాను. తప్పంతా నా కాఫీ గ్లాసులో ఉంది!

ఇప్పుడు అయిదున్నరకి మాత్ర, ఆరున్నరకి కాఫీ, రాత్రి భోజనంతో కాల్షియం. మొదటి వారం డికాషన్ వాసనకి ప్రాణం లాగేసింది. అది చూసి మా అత్తయ్య, "నేనూ ఆరున్నరకే తాగుతాలేవే" అన్నారు. డెబ్భై ఏళ్ల అలవాటు ఆవిడది.

రెండు నెలలకి మళ్లీ రక్తపరీక్ష. అంకె ఎంత వస్తుందో చూడాలి. ఈలోగా నన్ను నేను బద్ధకస్తురాలినని అనుకోవడం మాత్రం మానేశాను.

మీరు మాత్ర దేనితో వేసుకుంటున్నారో ఒకసారి చూసుకోండి.