అలాయ్ వీల్స్ రేపైనా వేసుకోవచ్చు

అనంతపురంలో సెకండ్ హ్యాండ్ వ్యాగన్‌ఆర్ కోసం తిరిగితే రెండు బళ్లు నచ్చాయి. రెండూ 2017 మోడలే, రేటూ దాదాపు ఒకటే. మొదటిది వీఎక్స్‌ఐ. అలాయ్ వీల్స్, టచ్‌స్క్రీన్, మెరిసే సీట్ కవర్లు. రెండోది ఎల్‌ఎక్స్‌ఐ, పేరు చివర ‘ఓ’ అని ఒక అక్షరం ఎక్కువ. మామూలు చక్రాలు, మ్యూజిక్ సిస్టమే లేదు.

నా మనసు మొదటిదాని మీదే. ఇన్‌స్టాలో ఫొటో ఎలా పెట్టాలో కూడా అనుకున్నా. డబ్బు మాత్రం నాయన శెనక్కాయలు అమ్మింది. వానను నమ్ముకున్న మా ఊళ్లో మళ్లీ అంత పంట ఎప్పుడొస్తుందో!

తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లా. ఆయన టచ్‌స్క్రీన్ వైపే చూడలేదు.

“బండి దేనికప్పా?”

“అమ్మను నెలకోసారి బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోవాల.”

“రెండొందల కిలోమీటర్ల హైవే! అలాయ్ వీల్స్ రేపైనా ఏపిచ్చుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ ఏపిచ్చుకోలేవప్పా.”

ఆ ‘ఓ’ అంటే ఆప్షనల్ అని అప్పుడే తెలిసింది. కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరైంది 2019 జూలై నుంచే. అంతకుముందు బళ్లలో పై వేరియంట్ అయినంత మాత్రాన అది ఉంటుందని లేదు. ఆర్‌సీలో వేరియంట్ పేరు చదవండి. స్టీరింగ్ మీద ‘ఎయిర్‌బ్యాగ్’ అని ఉందేమో చూడండి. కీ తిప్పగానే దాని లైటు వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా అనుమానించాల్సిందే.

ఎల్‌ఎక్స్‌ఐలో వెలిగింది, ఆరింది. అదే కొన్నాం.

మొదటి ట్రిప్పులో పెనుకొండ దాటాక అమ్మ అడిగింది: “దీంట్లో పాటలు రావా రా?”

ఫోన్‌లో పెట్టి ఇచ్చా.