హాజరుపట్టీ చెప్పని మాట

మేము ఉపన్యాసక వృత్తిలో చేరిన తొలినాళ్ళలో దోర్నకల్లు జంక్షనుకు చేరువనున్న ఒక చిన్న పట్టణంలో అద్దెకు ఉండేవారము. పొరుగువారు క్రైస్తవులు. ఇంటి యజమాని రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఆయన భార్యను మేము "అమ్మా" అనేవారము. ఆమె మమ్మల్ని "సారూ" అనేది. ప్రతి గురువారం సాయంకాలం వారింట చాపలు పరచేవారు. పదిమంది స్త్రీలు వచ్చి కూర్చుండేవారు. మేము మగ్రిబు నమాజు ముగించుకొని ఇల్లు చేరే వేళకు వారి పాట ముగిసి మాట మొదలయ్యేది. నడుమ ఒక్క గోడ మాత్రమే గనుక అంతయు మాకు వినిపించేది.

అది కేవలం ప్రార్థన అనుకొన్నాము. కొన్ని నెలలకు గాని అది బడి కూడా అని బోధపడలేదు. మొదట ఆ పెద్దామె వాక్యం చదివి వివరించేది, తక్కినవారు వినేవారు. తరువాత వారిలో ఒకరు చదివేవారు. ఆమె ప్రక్కన కూర్చుండి, తడబడినచోట అందించేది. మరికొన్నాళ్ళకు ఆమె ఏమీ అనక వినేది. ఆపైన ఆ నేర్చినామె తన వాడలో నలుగురిని కూర్చుకొని, తాను నేర్చిన తీరుననే వారికి నేర్పేది. కూరగాయలమ్ముకొనే ఒక స్త్రీ నడివయస్సులో అక్షరాలు దిద్దుకొన్నది. తన వంతు వచ్చిననాడు ఆమె గొంతు వణికి మూడుమారులు ఆగిపోయింది. ఎవ్వరూ నవ్వలేదు. నాల్గవమారు చదువు సాగింది.

ఈ పద్ధతికి పాత చరిత్ర ఉన్నది. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టలు నగరంలో జాన్ వెస్లీ అనుచరులు తమ మందిరంపై ఉన్న అప్పు తీర్చే ఉపాయం కొరకు సమావేశమైనారు. తలకు వారానికొక పెన్నీ ఇద్దామన్నారు ఒకరు. బీదలకు అదీ భారమే అన్నారు మరొకరు. అప్పుడు ఫాయ్ అనే నౌకాధిపతి లేచి, మిక్కిలి బీదలైన పదకొండుగురిని తనకు అప్పగించమనీ, వారం వారం తానే వెళ్ళి అడుగుతాననీ, ఇవ్వలేనివారి పైకం తానే వేస్తాననీ చెప్పాడు. అలా పన్నెండేసి మందికి ఒక నాయకుడు ఏర్పడ్డాడు. పైకానికి ఇల్లిల్లూ తిరిగినవారికి పైకముకన్న ముఖ్యమైన సంగతులు కంటబడ్డాయి: ఒకచోట జబ్బు, ఒకచోట తాగుడు, ఒకచోట కలహం. వెస్లీ ఆ ఏర్పాటును అప్పు కొరకు గాక మనుషుల కొరకు నిలుపుకొన్నాడు. ఆ నాయకులు సామాన్య గృహస్థులే. వారిలో స్త్రీలు కూడా ఉండేవారు. 1743 నాటి నియమాల ప్రకారం నాయకుడు తనవారిలో ప్రతి ఒక్కరినీ వారానికొకమారైనా చూడవలెను. తాను కూడా వారానికొకమారు పెద్దలను కలిసి క్షేమసమాచారం విన్నవించవలెను.

మన నేలమీద ఇటువంటి ఆలోచననే వేరొక తీరున ఆచరించినవారు వి.ఎస్. అజరయ్య. ఆయన తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో దోర్నకల్లు వచ్చి తెలుగు నేర్చుకొన్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయినారు. ఆయన కాలంలో మాల, మాదిగ వాడలనుండి వేలాది జనులు ఆ సంఘంలో చేరారు. అంతమందికి చాలినంతమంది గురువులు లేరు. ఆయన పల్లె ఉపాధ్యాయులను తయారుచేయడంతో ఆగక, బాప్తిస్మం పొందిన ప్రతివారూ తాము విన్నది మరొకరికి చెప్పే బాధ్యత తమదేనని తలపై చేయి ఉంచుకొని ఒప్పుకొనేటట్లు చేసేవారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్లు కథీడ్రలును మేము చూచాము. దాని గుమ్మటాలూ మినార్లూ మసీదును, స్తంభాలు ఆలయాన్ని తలపిస్తాయి.

మేము ముసల్మానులము. ఆ సమూహాల విశ్వాసం మాది కాదు. దానిని గూర్చి తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. కాని మసీదులో హల్కాగా కూర్చుండి పాఠం అప్పజెప్పిన బాల్యం మాకూ ఉన్నది. వలయంలో వెనుక వరుస ఉండదని మాకు అప్పుడే తెలిసి ఉండవలసినది. తెలియలేదు.

ఆ ఏడు మా తరగతిలో డెబ్బైమంది. వారిలో ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి ఒకడు. ఒకనాడు పద్యం చదువమంటే ఒత్తులు తప్పాడు. తరగతి నవ్వింది. దాచుట ఎందులకు, మేమూ చిరునవ్వు నవ్వాము. ఆ మరునాటినుండి అతడు రాలేదు. మూడు వారాలు హాజరుపట్టీలో గైరుహాజరు గుర్తు వేస్తూ పోయాము. ఈ సంగతి ఒక సాయంకాలం గోడమీదుగా ఆ అమ్మతో అన్నాము. ఆమె, "సారూ, మరి ఆ పిలగాని ఇంటికి మీరు పోయిండ్రా?" అని అడిగింది. మావద్ద సమాధానం లేకపోయింది.

మరునాడు వెళ్ళాము. అతడు వెల్డింగు దుకాణంలో ఉన్నాడు. "తెలుగు నాతోని కాదు సార్" అన్నాడు, తల ఎత్తకుండా. ఎంత చెప్పినా తిరిగి రాలేదు.

అప్పటినుండి పనిచేసిన ప్రతిచోటా మేము విద్యార్థులను ఎనమండుగురేసి సమూహాలుగా కూర్చుతున్నాము. తెలుగు బాగా చదివేవారు తక్కినవారికి నేర్పుతారు. ఉర్దూ వచ్చినవారు వారికి ఉర్దూ అక్షరాలు నేర్పుతారు. నాలుగు వారాలకు నాయకత్వం మారుతుంది. శనివారం నాయకులు మాతో కూర్చుంటారు. లోపాలు లేవని చెప్పము. తొలియేడు ఒక నాయకుడు చిన్న ఉపాధ్యాయుడై తనవారిని గద్దించసాగాడు. నేర్పుటకు ముందు వినుట నేర్వవలెనని అప్పుడు గ్రహించి, నాయకులకే మొదట శిక్షణ ఇచ్చాము. ఒక నియమం పెట్టాము: తోటివాడు రెండు దినాలు రాకుంటే ముందు ఇంటికి వెళ్ళి చూడవలెను, ఆపైన మాకు చెప్పవలెను. గత సంవత్సరం ఒక విద్యార్థిని తండ్రి మంచం పట్టిన సంగతి మూడవనాటికే మాకు తెలిసినది. ఆమె స్నేహితురాలు పాఠాలు వ్రాసి ఇంటికి చేర్చింది. ఆమె పరీక్ష వ్రాసింది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే: తరగతులు ముగిసిన పిమ్మట ఒక గంటసేపు రెండు గదులు తెరచి ఉంచండి. చాపలు మేము తెచ్చుకొంటాము. విద్యార్థులారా, మీకు వచ్చినది కొంచెమే కావచ్చు. ఆ కొంచెము కూడా రానివాడు మీ ప్రక్క బల్లమీదనే ఉన్నాడు. అతడు చదువుతూ మూడుమారులు ఆగితే నాల్గవమారు కొరకు ఓపికపట్టండి. మేము ఆనాడు పట్టలేకపోయాము.