ఏఈ మేడం సబ్‌స్టేషన్

నేను వెళ్ళేసరికి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) మేడం పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వంగి బ్రీదర్‌లోకి చూస్తున్నారు. గాజు గొట్టంలో సిలికాజెల్ గుళికలు. నీలంగా ఉంటే పొడి, గులాబీ రంగుకు తిరిగితే చెమ్మ పీల్చాయని లెక్క. "సగం తిరిగింది, మార్పించండి" అని ఆపరేటర్‌కు చెప్పి చేతులు తుడుచుకున్నారు.

వరిపొలాల నడుమ ఉన్న 33/11 కేవీ సబ్‌స్టేషన్ అది. 33,000 వోల్టులను 11,000కు దించి ఫీడర్లనే లైన్ల మీద ఊళ్ళకు పంపుతారు. మాటల్లో ఉండగానే లైన్‌మన్ ఫోను. లైన్లను కలిపే జంపర్ తీగ తెగింది, ఎల్‌సీ కావాలి. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, సరఫరా ఆపి లైన్ మీద పనికిచ్చే అనుమతి. ఆపరేటర్ బ్రేకర్ ట్రిప్ చేసి, ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ తీసి తాళం వేశాడు. మేడం ఫోనందుకుని ఫీడర్ పేరు, ఎల్‌సీ నంబరు లైన్‌మన్ చేత మళ్ళీ చెప్పించుకున్నారు. "ఎర్త్ చేయకుండా పోల్ ఎక్కొద్దన్నా!" తీసుకున్న మనిషే ఎల్‌సీ తిరిగి అప్పగించాలి. ఆయన తరఫున ఇంకొకరు చెబితే చెల్లదు.

మాటలు చదువు మీదికి మళ్ళాయి. కాలేజీలో మేడం తరగతిలో అమ్మాయిలకేం కొదవ లేదట. చిక్కంతా ఉద్యోగంలో చేరాకే. పాప పుట్టగానే పైవాళ్ళు జాలిపడి ఆఫీసులో టేబుల్ పనికి మార్చారు.

"మంచికే చేశారు. కానీ ఎస్టిమేట్లు రాస్తూ కూర్చుంటే, రిలే ఎందుకు పనిచేయలేదో నాకెప్పుడు తెలియాలి?"

అడిగి మరీ ఫీల్డుకొచ్చారు. అర్ధరాత్రి ఫీడర్ పడిపోతే పాపను అత్తగారు చూసుకుంటారు. ఆవిడ ఊరెళ్ళిన వారం అవస్థే. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టింది కూడా ఈవిడ వచ్చి అడిగాకే.

ఇదంతా వింటుంటే నాకు పాత తరం ఇంజనీరు అయ్యలసోమయాజుల లలిత గుర్తొచ్చారు. మద్రాసులో పుట్టిన తెలుగింటి ఆడపడుచు. పద్దెనిమిదేళ్ళకే, చేతిలో నెలల పసిపాప ఉండగా భర్త పోయారు. తండ్రి పాఠాలు చెప్పే గిండీ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1943లో బయటికొచ్చారు. కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో సబ్‌స్టేషన్ల లేఅవుట్లు, లైన్ల డిజైన్లు చేశారు. భాక్రానంగల్ ఆనకట్ట పనిలోనూ ఆమె చెయ్యుంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళారు. దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరని ఆమెను తలుచుకుంటాం గానీ, పసిబిడ్డతో ఉన్న ఆమెకు దొరికిన పుట్టింటివాళ్ళ అండను ఎవరూ లెక్కలో వేయరు. ఇదంతా చెబితే మేడం నవ్వేశారు. "మా అత్తగారికీ జీతం ఇప్పించాలి మరి!"

మేడంకు ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీర్) ప్రమోషన్ దగ్గర పడుతోంది. పోస్టింగ్ ఏ ఊళ్ళో వేస్తారో తెలీదు గనక, నాలుగైదు ఊళ్ళ బడుల గురించి ఇప్పట్నుంచే వాకబు చేస్తున్నారు. అత్తగారు వస్తానన్నారట. మామగారే ఇంకా ఏ సంగతీ తేల్చలేదు.