కాటా, నోటుబుక్కు, వేలిముద్ర

మా నాన్న గిరిజన కార్పొరేషన్ డిపోలో సేల్స్‌మన్. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల పోయే రోడ్డు పక్కన పెంకుటిల్లు. ముందు గది డిపో, వెనక గది మా సంసారం. డిపోలో రెండిటికి మర్యాద ఎక్కువ. ఒకటి కాటా, రెండోది నాన్న నోటుబుక్కు. పొద్దున్నే కాటాను గుడ్డతో తుడిచి, ఖాళీ తట్టలు సమంగా నిలబడ్డాయో లేదో చూసుకున్నాకే రెండో తలుపు తీసేవాడు. నోటుబుక్కు జోలికి మాత్రం మమ్మల్ని రానిచ్చేవాడు కాదు.

ఆ కాటా వెనక పెద్ద కథే ఉంది. అడవి సరుకు మోసుకొచ్చే కోయవాళ్లను సంతల్లో షావుకార్లు ఎట్లా ముంచేవాళ్లో మా చిన్నప్పుడు కూడా చెప్పుకునేవాళ్లు. కొనేటప్పుడు ఒక మానిక, అమ్మేటప్పుడు ఇంకో మానిక. తట్టెడు ఇప్పపువ్వుకు దోసెడు ఉప్పు. అప్పు కాగితంలో ఏం రాసి ఉందో దాని మీద వేలిముద్ర వేసినవాడికే తెలియదు. ఆ దోపిడీకి అడ్డం పడటానికే 1956లో కార్పొరేషన్ పెట్టారు. చింతపండు, తపసి జిగురు, కుంకుడుకాయ, తేనె, చిల్లగింజలు కొనాలి. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, బట్టల సబ్బు అమ్మాలి. నడుమ సరిగ్గా తూగే ఒక కాటా ఉండాలి. కాబట్టి మా వైపు యంత్రాన్ని నమ్ముకోవడం సెల్‌ఫోనుతో మొదలవలేదు. మోసం తెలిసిన మనిషి కంటే మోసం తెలియని ఇనుము నయమని జనం ఎప్పుడో అనుకున్నారు.

నాన్న రిటైరయ్యే ముందు బ్యాటరీ కాటా వచ్చింది. ఆడవాళ్లకు మొదట అది నచ్చలేదు. పాత కాటాలో ముల్లు ఎటు వంగిందో కంటికి కనిపిస్తుంది. ఇందులో ఎర్ర అంకెలు తప్ప ఏమీ లేవు. కొన్నాళ్లకు సంతలో కొత్త మాట పుట్టింది. గంప దించకముందే "సున్నా చూపియ్యి" అనడం. బడి మొహం చూడని అవ్వలు ఆ ఒక్క అంకెను గుర్తుపట్టడం నేర్చుకున్నారు. తప్పు చూపిస్తే పట్టుకోగలం అన్న ధైర్యం వచ్చాకే బ్యాటరీ కాటాకు మా సంతలో చోటు దొరికింది.

ఇక నోటుబుక్కు. వానాకాలం గూడేల్లో గింజ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో కోసిన తునికాకు డబ్బులు ఎప్పటికో గాని చేతికి రావు. ఆకు కోసుకొచ్చి యాభై ఆకులకో కట్ట కడితే, కల్లంలో కల్లేదారు వరసలు పేర్చి లెక్క రాసుకునేవాడు. కట్ట కట్టే పిల్లలకు యాభై లెక్కపెట్టాల్సిన పనే లేదు, గుప్పిట్లో మందం చూసి చెప్పేవాళ్లు. ఆ డబ్బులు వచ్చేదాకా బియ్యం అరువే. అరువిచ్చే అధికారం నాన్నకు లేదు. అయినా ఇచ్చేవాడు, తన జీతం మీద రాసుకుని. ఊళ్లో ఒకే పేరు నలుగురికుంటుంది గనక నోటుబుక్కులో అసలు పేర్లుండవు. 'మద్దిచెట్టు కింద ఇంటామె', 'కుంటి ఎద్దు ఆసామి', 'నవ్వే ముసలాయన కోడలు'. ఒకసారి ఆడిట్‌కొచ్చిన ఆఫీసరు అవి చదివి, నవ్వాలో కేకలేయాలో తోచక టీ అడిగాడు.

ఇదంతా బంగారు కాలమని చెప్పబోవడం లేదు. నాన్నకూ కోపాలుండేవి. ఎదురు మాట్లాడినవాడు మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చోవాల్సి వచ్చేది. పొట్ట ఒక మనిషి దయ మీద ఆధారపడటం ఎంత బరువో ఆ అరుగు మీద కూర్చున్న మొహాల్లో నేను చూశాను. కాకపోతే ఆ మనిషితో పోట్లాడొచ్చు. అలగొచ్చు. సాయంత్రం పెళ్లాన్ని పంపి మా అమ్మతో చెప్పించొచ్చు. చాలాసార్లు బియ్యం వెనక గదిలోంచే వెళ్లేవి.

జిల్లాలో యంత్రాలకేం కొదవ లేదు. ఇల్లందులో 1889 నుంచి బొగ్గు తవ్వుతున్నారు. కొత్తగూడెం బొగ్గుబాయి సైరను విని వంట పొయ్యి మీద పెట్టే ఇళ్లలో గడియారాల అవసరమే ఉండేది కాదు. పాల్వంచలో థర్మల్ స్టేషన్ 1966లో మొదలైంది. బొగ్గు ఇక్కడిది, కిన్నెరసాని నీళ్లు ఇక్కడివి. వెలుగు మాత్రం పెద్ద టవర్ల మీద తీగల్లో మా తలల పైనుంచి ఎటో వెళ్లిపోయేది. ఆ తీగల కింది గూడేల్లో బుడ్డిదీపాలు. మా ఇంట్లో లాంతరు. చదువుకునేది నేను గనక లాంతరు చిమ్నీ తుడిచే పని నాదే.

కరెంటు లేని ఇంట్లో రేడియో పెద్ద మనిషి. దాని ప్రాణం నాలుగు బ్యాటరీల్లో. గొంతు సన్నబడితే బ్యాటరీలు తీసి పెంకుల మీద ఎండబెట్టేవాళ్లం. కాసేపు మళ్లీ పలికేది. శ్రీరామనవమికి ముందు మాత్రం నాన్న కొత్త బ్యాటరీలు తెచ్చేవాడు. భద్రాద్రి కల్యాణానికి ఆకాశవాణిలో ఉషశ్రీ ప్రత్యక్ష వ్యాఖ్యానం. ఆ గంభీరమైన గొంతు కోసం డిపో ముందు జనం చేరేవాళ్లు. ఒక ఏడాది మేమే కల్యాణానికి వెళ్లాం. జనం తలకాయలు తప్ప ఏమీ కనిపించలేదు. పక్కనున్నాయన చెవికి ట్రాన్సిస్టరు ఆనించుకుని, మంగళసూత్రధారణ అయిందని మాకు చెప్పాడు. కళ్ల ముందు జరిగేది యంత్రంలోంచి తెలుసుకోవడం నేను మొదట చూసింది అక్కడే. ఇప్పుడు పెళ్లిళ్లలో అందరూ ఫోన్లు పైకెత్తుకుని తెరలోంచి తాళి చూస్తుంటే నాకు పెద్దగా వింత అనిపించదు.

మన్యం జ్వరం సంగతి చెప్పకుండా పాత రోజులను మెచ్చుకుంటే అది అబద్ధం. చలిజ్వరం వస్తే ఆరోగ్య కార్యకర్త వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తం చుక్క రాసుకుపోయేవాడు. పలక పరీక్షకెళ్లి, ఫలితం గూడేనికి తిరిగొచ్చేసరికి మనిషి లేచి పొలానికైనా వెళ్లుండాలి, లేదా మట్టిలో కలిసైనా ఉండాలి. నాతో మూడో తరగతి చదివిన పిల్ల ఫలితం రాకముందే పోయింది. ఇప్పుడు ఆశా కార్యకర్త సంచిలో చిన్న ప్లాస్టిక్ కిట్ ఉంటుంది. పావుగంటా ఇరవై నిమిషాల్లో, మంచం పక్కనే తేలిపోతుంది. టెక్నాలజీ వద్దనే పట్నం పెద్దమనుషుల్ని ఒక్క వానాకాలం ఇక్కడ ఉండమనాలి.

గోదావరి కూడా అంతే. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు వచ్చింది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ లెక్కన చూసుకోండి. అప్పుడు మాకు అడుగుల లెక్క తెలియదు. పడవలు నడిపే ముసలాయన వాగు దగ్గర నిలబడి చూసేవాడు. గోదావరి పొంగితే వాగు నీళ్లు పోయే దారి లేక ఆగిపోతాయి, తర్వాత వెనక్కి నడుస్తాయి. నురగ ఎగువకు పోవడం చూశాక ఆయన ఇంటింటికీ తిరిగి "గోదారి ఎగదన్నింది, మేకల్ని తోలండి" అని చెప్పాడు. మేము డిపో బియ్యం బస్తాలు ఎడ్లబండి మీద గుట్టకు చేర్చాం. ఆయన చెప్పింది మా ఊరికే. కింది ఊళ్లకు ఎవరు చెప్పాలి? రాత్రికి రాత్రే చాలా ఇళ్లు గోడలతో సహా కరిగిపోయాయి.

2022 జులైలో నీళ్లు మళ్లీ 71.3 అడుగులకు వచ్చినప్పుడు గంటగంటకూ మట్టం ఎంతో వాట్సాప్‌లో వచ్చింది. నేను హైదరాబాదులో కూర్చుని మా తమ్ముడి కంటే ముందే చూసి ఫోన్ చేశాను. ఎగువన ఎంత వస్తోంది, రేపటికి ఎంతవుతుంది, ఏ రోడ్డు మునుగుతుంది, అన్నీ ముందే తెలిశాయి. జనాన్ని ముందే తరలించారు. అందులో అనుమానం లేదు. తర్వాత కరెంటు తీసేశారు. ఫోన్లు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. అప్పుడు మా తమ్ముడు వాగు దగ్గరికి వెళ్లి చూస్తే, నీళ్లు ఎటు నడుస్తున్నాయో చెప్పగలిగిన వాళ్లు ఒక్కరూ కనపడలేదట. పడవ ముసలాయన ఎప్పుడో పోయాడు. ఆయన మనవడికి పడవ లేదు, ఆటో ఉంది. అతన్ని అనడానికి నాకు నోరు రాదు. వంతెన వచ్చిన చోట పడవ ఎందుకు?

మంచినీళ్ల విషయంలోనూ అంతే జరిగింది. వాన నీళ్లు కలిసి గోదావరి ఎర్రబడితే అమ్మ చిల్లగింజను కుండ లోపల అరగదీసేది. తెల్లారేసరికి మడ్డి అడుగున, పైన తేట. ఇప్పుడు ఇరవై లీటర్ల క్యాను. ప్లాంటు మోటారు కాలిపోతే ఇంకో ఊరి ప్లాంటుకు బండి మీద పోతారు.

సెల్ టవర్లు మా వైపు ఆలస్యంగా వచ్చాయి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గూడేలకైతే మరీ ఆలస్యం. అందుకే ప్రతి ఊరికీ ఒక సిగ్నల్ గుట్టో, సిగ్నల్ చెట్టో ఉండేది. 2020 సెప్టెంబరు 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో బడి మొదలైనప్పుడు, టీవీ లేని ఇళ్ల పిల్లలు ఫోన్ పట్టుకుని ఆ గుట్టలెక్కారు. ఒక్క ఫోనుకు నలుగురు పిల్లలు, వాళ్లవి మూడు వేర్వేరు తరగతులు. బడి మూతపడితే ఏం చేయాలో ఎవరికీ తెలియని కాలం అది, దాన్ని తప్పు పట్టను. ఉపాధి హామీ పని సంగతి వేరు. 2023 జనవరి 1 నుంచి దేశమంతా పని చోట హాజరు యాప్‌లోనే వేయాలన్నారు. రోజుకు రెండుసార్లు ఫొటో. ఫొటో ఎక్కకపోతే తవ్విన గుంత అక్కడే కనిపిస్తున్నా కూలికి తంటా. ఫోన్ పనిచేయని చోట చేత్తో హాజరు వేయడానికి జిల్లా అధికారి అనుమతి ఇవ్వొచ్చని నిబంధన పెట్టారు. ఆ అనుమతి తెచ్చుకోవడానికి జిల్లా కేంద్రం దాకా ఎవరు పోవాలి, మట్టి తట్ట ఎత్తే మనిషా?

పోయినసారి వెళ్లినప్పుడు ఒక రేషన్ దుకాణం ముందు ఆగాను. ఒక అవ్వ వేలు మిషన్ మీద పెడుతోంది, తీస్తోంది, చీరకు తుడుస్తోంది, మళ్లీ పెడుతోంది. జీవితమంతా జిగురు గీకిన వేళ్లు, గీతలు మిగల్లేదు.

"నా వేలు గోదారి తిన్నదా ఏంది బిడ్డా?"

"మిషన్ తీసుకోవట్లేదవ్వా, నేనేం చేసేది?" అన్నాడు డీలరు.

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ అవ్వ ఎవరో అతనికి తెలుసు, ఆమె ఇల్లు తెలుసు, కొడుకు పేరు తెలుసు. తెలిసినా పనికిరాదు. "నేనేం చేసేది" అనే మాట నాన్న నోట ఎన్నడూ వినలేదు. ఇవ్వనంటే ఇవ్వనని అనేవాడు, ఆ తప్పు తన మీద ఉండేది. చివరికి కంటిపాప చూసే మిషన్ ఆమెను గుర్తుపట్టింది. ఆరోజు ఆమె అదృష్టం బాగుంది. రాష్ట్రంలో 2016 నుంచి రద్దయిన రేషన్ కార్డులు సుమారు 19 లక్షలు. ఇంటింటికీ వెళ్లి చూడకుండా కంప్యూటర్ ఏరిందని తీసేశారన్న కేసులో, వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. క్షేత్రస్థాయి అంటే ఏముంది, గడప ముందుకెళ్లి "అవ్వా, ఉన్నావా?" అని అడగటమే.

ఈ ఇబ్బంది అడవి వాళ్లకే అనుకోవద్దు. 2024 జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వికటించి ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లు నీలి తెరలేసుకుని కూర్చున్నాయి. మన శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ కాగితాల ఫొటోలు చూసి దేశం నవ్వుకుంది. నాకు మాత్రం అసూయ కలిగింది. మిషన్ పడుకుంటే విమానం ఎక్కేవాడికి పెన్నూ కాగితమూ ఉన్నాయి. బియ్యం కోసం వచ్చిన అవ్వకు అవి ఎందుకు ఉండకూడదు? అడవి దారిలో ఏ కోయ మనిషీ ఒక్క గుర్తును నమ్ముకుని నడవడు. చెట్టు పోయినా రాయి ఉంటుంది, రాయి దొర్లిపోయినా వాగు ఉంటుంది. మనం ఫోను తెచ్చుకున్నందుకు నాకు బాధ లేదు. అది వచ్చిన ప్రతిచోటా పాత దారికి ముళ్లకంప వేస్తున్నాం, అదీ నా గొడవ.

విచిత్రం ఏమిటంటే, ఇదే మాటను మన చట్టం ఒకచోట బాహాటంగా ఒప్పుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద భూమి మీద హక్కు తేల్చడానికి, హక్కు కోరేవాడు కాని ఊరి పెద్దల మాటను రాసుకుంటే అది కూడా సాక్ష్యమే. ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతికత మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు గాని వాటి స్థానంలో రాకూడదని 2012లో నిబంధనల్లో చేర్చారు. ఎవరు రాశారో గాని, అడవిలో తిరిగినవాళ్లే రాసుంటారని నా అనుమానం.

2023లో పోడు పట్టాలు ఇవ్వడానికి ముందు మా తమ్ముడి ఊరి పక్క గూడెంలో సర్వే జరిగింది. సర్వేయరు ఫోన్ పట్టుకుని హద్దు చుట్టూ నడుస్తున్నాడు. గుబురు చెట్ల కింద చుక్క నిలవక అటూ ఇటూ ఎగురుతోందట. వెంట నడుస్తున్న పెద్దాయన కాసేపు చూసి, "ముందు నీ ఫోను ఏమంటదో చూసుకో సారూ, అది తప్పంటే నేను చెప్తా" అన్నాడు. సర్వేయరు నవ్వి, గొడుగు మడిచి, ఆయన్నే ముందు నడవమన్నాడు.