పట్టపగలు నీకు లైటేవిటి?

తొంభైల్లో మా కోనసీమ పెళ్ళిళ్ళంటే నాకు ముందుగా గుర్తొచ్చేది వీడియో లైటు. వెయ్యి వాట్ల హాలొజెన్ బల్బు, దాన్ని చేత్తో ఎత్తి పట్టుకునే కుర్రాడు, వాడి వెనక జనం కాళ్ళకి అడ్డంపడే నల్లటి వైరు. ఆ లైటు ఎటు తిరిగితే పెళ్ళి అటు జరుగుతున్నట్టు లెక్క. పంతులుగారు కళ్ళు చిట్లించుకుని మంత్రాలు చదివేవారు. పెళ్ళికూతురి కల్యాణబొట్టు చెమటకి కరిగి ముక్కు మీదికి దిగేది. ఫొటోల వాళ్ళం ఆ కుర్రాడి పక్కనే నిలబడి, అది చాలనట్టు పైనుంచి ఫ్లాషు కొట్టేవాళ్ళం. ప్రింట్లలో మొహాలు సున్నం కొట్టిన గోడల్లా వచ్చేవి, వెనక పందిరంతా నల్లగా పోయేది. అందరి ఆల్బమ్ములూ అలాగే ఉండేవి కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

నా చేత ఫ్లాషు మాన్పించింది ఒక తాతగారు.

అమలాపురం దగ్గర పల్లెటూళ్ళో మండువా లోగిలి వాళ్ళది. నాలుగువైపులా వసారాలు, పెంకుల కప్పు నాలుగు వాలులూ లోపలికే దిగి, మధ్యలో ఆకాశం కనపడే చోటు. పెళ్ళి అక్కడే, పొద్దున పదింటి ప్రాంతంలో ముహూర్తం. పెళ్ళికూతురి తాతగారికి శుక్లాల ఆపరేషను అయి ఎన్నాళ్ళో కాలేదు. నల్ల కళ్ళద్దాలతో, స్తంభం పక్కన పడక్కుర్చీలో కూర్చున్నారు. నేను మొదటి ఫ్లాషు కొట్టగానే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"అబ్బాయ్, ఆ మెరుపులు ఆపు. పట్టపగలు నీకు లైటేవిటి?"

ఆయన మాటకి ఆ ఇంట్లో ఎదురు లేదు. వీడియో లైటు కూడా ఆర్పించేశారు. వీడియో ఆయన గొణుక్కుంటూ పెరట్లోకి కాఫీకి వెళ్ళిపోయాడు.

నా చేతిలో ఉన్నది నికాన్ ఎఫ్ఎం2, 50 ఎంఎం లెన్సు, 400 ఏఎస్ఏ కలర్ ఫిల్ము. హాలొజెన్ ఆరాక కాసేపు నాకంతా చీకటిగానే ఉంది. కళ్ళు అలవాటు పడ్డాక ఒక్కొక్కటే తేలడం మొదలైంది. వసారా అంచున కూర్చున్న ముత్తైదువుల మొహాల మీద పైనుంచి వెలుగు మెత్తగా దిగుతోంది, ముక్కు కింద నీడ ఉందో లేదో అన్నట్టుంది. అక్కడ మీటరు ఎఫ్/2.8కి 125 చూపించింది. అక్కణ్ణుంచి లోపలికి రెండడుగులు వేస్తే 30కి పడిపోయింది. అంటే ఆ రోజు ఫొటో ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో ఆ రెండడుగుల్లోనే ఉంది. నేను నిలబడే చోటు కంటే వాళ్ళు కూర్చునే చోటు ముఖ్యమని అప్పుడే తెలిసింది.

మేనమామలు గంపలో పెళ్ళికూతుర్ని తెచ్చి దింపారు. మధ్యలో అడ్డుతెర పట్టారు. పెళ్ళికొడుకు తూర్పు ముఖం, పెళ్ళికూతురు పడమటి ముఖం. తూర్పు కప్పు మీదుగా ఏటవాలుగా దిగిన ఎండ ఆ అమ్మాయి వెనకనుంచి వచ్చి తెర మీద పడుతోంది. మామూలుగా అయితే వెనక ఎండ ఉన్న మనిషి మొహం నల్లబడాలి. ఇక్కడ తెల్లటి నేత గుడ్డ ఎదురుగా ఉంది కదా, దాని మీద పడ్డ ఎండంతా తిరిగి ఆమె మొహం మీదికే వస్తోంది. బుగ్గలకి రాసిన పసుపు, కంటి కాటుక, బాసికం దారపు పోగులు అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. తెరకి అవతలవైపు ఇంకో లెక్క. అటు గుడ్డగుండా వడకట్టి వచ్చిన వెలుగు పెళ్ళికొడుకు మీద పలచగా పరుచుకుంది. ఒక్క గుడ్డ, ఇద్దరికీ రెండు రకాల వెలుగు.

జీలకర్రా బెల్లం పెట్టారు. భజంత్రీలు ఒక్కసారిగా అందుకున్నాయి. తెర దించారు. దించగానే ఆమె మొహం మీది వెలుగు పోయింది, అతని మొహం మీద ఎండ ఫెళ్ళున పడింది. కుర్రాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సిగ్గుపడుతున్నాడని ఆడపెళ్ళివారు పకపకా నవ్వారు. సిగ్గేమీ లేదు, ఎండ కంట్లో కొట్టింది. ఆ నవ్వూ, ఆ మూసుకున్న కళ్ళూ నా ఫిల్ము మీదున్నాయి. ఫ్లాషు కొట్టి ఉంటే వాళ్ళందరూ నవ్వు ఆపి నా వైపు తిరిగేవారు.

తరవాత తరవాత సినిమా కెమెరామన్ సుబ్రతా మిత్ర గురించి చదివినప్పుడు ఆ మండువాయే కళ్ళముందు తిరిగింది. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ 'అపరాజితో'లో కాశీ ఇల్లు కలకత్తా స్టూడియోలో వేసిన సెట్టు. కాశీలో అలాంటి ఇళ్ళల్లోకి వెలుగు నడినెత్తిన ఉన్న ఆకాశపు ముక్కలోంచి దిగుతుంది, గట్టి నీడలు పడవు. మిత్ర సెట్టు మీద తెల్లగుడ్డ కట్టించి, దీపాలు కిందనుంచి దాని మీదికి కొట్టించి, అక్కణ్ణుంచి తిరిగి కిందికొచ్చిన వెలుగుతో ఇల్లంతా వెలిగించారు. మన పందిళ్ళకి చాందినీ కట్టేవాళ్ళు ఆ పని అంతకు ముందునుంచే చేస్తున్నారు, వాళ్ళకి కెమెరా గొడవ లేదు, అంతే.

చాందినీ విలువ తాటాకు పందిళ్ళ కింద తెలిసొచ్చింది. ఆకుల సందుల్లోంచి ఎండ గుండ్రటి చుక్కలుగా రాలుతుంది. సందు ఏ ఆకారంలో ఉన్నా చుక్క గుండ్రమే, ఎందుకంటే అది సూర్యుడి బొమ్మ. పాక్షిక గ్రహణం వేళ చూస్తే ఆ చుక్కలన్నీ నెలవంకలైపోతాయి. చూడ్డానికి ముచ్చటే గానీ, పెళ్ళికూతురి ముక్కు మీదొకటి, చెంప మీదొకటి పడితే ఏ ఫిల్మూ ఓర్చుకోదు. అందుకని ముందురోజే వెళ్ళి పందిరి మేస్త్రీని బతిమాలుకునేవాణ్ణి, పీటల పైన ఆకుల కింద తెల్ల చాందినీ ఒకటి లాగమని. రంగుది వద్దు, తెల్లదే కావాలి. మధుపర్కాలు కట్టుకుని కూర్చున్నాక ఆ తెల్లబట్టల మీంచి ఇంకాస్త వెలుగు గడ్డం కిందికి ఎగసివచ్చేది. ఎర్రంచు తెల్ల నేతబట్ట కంటే మంచి రిఫ్లెక్టరు నేను ఇప్పటికీ కొనలేదు.

ఇక రాత్రి ముహూర్తాలు. మనవాళ్ళ పెళ్ళిళ్ళు సగం అర్ధరాత్రి దాటాకే కదా. రాటకో ట్యూబులైటు, వాటి కింద కలర్ ఫిల్ముకి మనుషులందరూ ఆకుపచ్చే. ల్యాబు వాళ్ళు ఆ పచ్చ తగ్గిస్తే పసుపుతాడు రంగు కూడా మారిపోయేది. అందుకని రాత్రిళ్ళు బ్లాక్ అండ్ వైట్‌కి దిగాను. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 వేసి 400ని 1600 అనుకుని తీసేసి, డెవలపర్లో ఎక్కువసేపు ఉంచేవాణ్ణి. ఫొటోలో ఇసకలా గింజ లేచేది. షట్టరు స్పీడు పెంచడానికీ లేదు. మన కరెంటు యాభై సైకిల్స్, చోకు ఉన్న ట్యూబులైటు సెకనుకి వందసార్లు తగ్గుతూ హెచ్చుతూ ఉంటుంది. 250లో తీస్తే ఒక ఫొటో తెల్లగా, ఒకటి మసగ్గా వస్తుంది. 60 దగ్గరే ఊపిరి బిగబట్టి తీయాలి. ఆ వేగంలో తలంబ్రాలు గింజల్లా పడవు, గీతల్లా పడతాయి. దోసిట్లోంచి జారిన బియ్యమంతా తెల్లటి చారలు, వాటి వెనక ఇద్దరి మొహాలు. ఫ్లాషు వాళ్ళ ఫొటోల్లో ప్రతి గింజా గాల్లో ఆగిపోయి ఉంటుంది. నాకు చారలే ఇష్టం.

హోమం దగ్గర మాత్రం మీటరు పక్కన పెట్టేసేవాణ్ణి. అన్నో తమ్ముడో పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోస్తాడు, పంతులుగారు నెయ్యి వేస్తారు, మంట ఒక్కసారి మోకాలెత్తు లేచి పడిపోతుంది. ఆ లేచినప్పటి వెలుగుకే కెమెరా సరిచేసి పెట్టుకుని ఆయన గరిటె వైపు చూస్తూ కూర్చోవాలి. నా లైటు స్విచ్చి ఆయన చేతిలో ఉందన్నమాట.

అసలు తిప్పలు వెలుగుతో కంటే చుట్టాలతో ఎక్కువ. మెరుపు మెరవకపోతే ఫొటో తీశానని ఎవరూ నమ్మేవారు కాదు. కొంగు సర్దుకుని నిలబడ్డ మేనత్త నేను నొక్కి దించేసినా కదలదు. "అయిందండీ" అంటే, "ఏది, లైటు రాలేదుగా బాబూ?" అనేది. ఒకచోట పెళ్ళికూతురి తండ్రి నన్ను పక్కకి పిలిచి, సెల్లులు నేను కొనిపెట్టనా అని అడిగారు. వాళ్ళ బాధలోనూ న్యాయం ఉంది. వియ్యాలవారు నలభైమంది మూడు వరసల్లో నిలబడే గ్రూపు ఫొటోకి నా పద్ధతి పనికిరాదు. లెన్సు అంత తెరిస్తే ముందు వరస స్పష్టంగా, వెనక వరస మసగ్గా వస్తుంది, ఆ మసకలో పెదబావగారు ఉంటారు. దానికి ఫ్లాషే కరెక్టు. ఫ్లాషు ముట్టనని ఒట్టు పెట్టుకున్నవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది.

2008లో నికాన్ డీ700 వచ్చాక చీకటి భయం తీరింది. ఐఎస్ఓ 3200లో రంగులు రంగుల్లాగే ఉండేవి. తీరా కెమెరా బాగుపడే వేళకి పందిరి పాడైంది. ఇప్పుడు మండపం చుట్టూ ఊదా, గులాబీ ఎల్ఈడీ లైట్లు, వెనక ఎల్ఈడీ వాలు. ఆ వెలుగులో పసుపు వన్నె దాదాపు ఉండదు, లేని రంగుని కంప్యూటర్లో ఎక్కణ్ణుంచి తేను? మంగళసూత్రం నల్లగా, పెళ్ళికూతురి మొహం వంకాయ రంగులో వస్తుంది. అందుకే డెకరేషన్ వాళ్ళతో ముందే మాట్లాడుకుంటాను. "సుముహూర్తానికి పదినిమిషాలు ఆ ఊదా ఆపి, మామూలు తెల్లవి వెయ్యి బాబూ" అంటాను. కొందరు వేస్తారు. కొందరు ప్యాకేజీలో లేదంటారు.

పెళ్ళి ఒప్పుకునే ముందు నేను అడిగేవి రెండే: ముహూర్తం ఎన్నింటికి, మండపం ఏ వైపుకి. మొన్నామధ్య రావులపాలెం నుంచి ఫోను చేసిన పెద్దాయన రెండూ ఓపిగ్గా చెప్పి, నేను ఫ్లాషు వాడనని విన్నాక కాసేపు ఆలోచించారు.

"అయితే లైటు మాదే కదండీ, రేటేమైనా తగ్గుతుందా?"

తగ్గదన్నాను. పైగా గ్రూపు ఫొటోలకి ఫ్లాషు కుర్రాణ్ణి తెస్తాను, వాడికి వేరే ఇవ్వాలన్నాను.